పైరును పశువును: ఒంగోలుజాతి చరిత్రము నేర్పు పాఠము

పైరును పశువును వేర్వేఱు వృత్తులని తలచుట కర్షకునకు హానికరము. మన యొంగోలుజాతి చరిత్రమే యీ సత్యమును చాటుచున్నది.

1868వ సంవత్సరమున నీజాతి పశువులు రెండు బ్రెజిలు దేశమునందలి సాల్వడారు రేవున దిగినవి. తరువాత 1960 దశకారంభము వఱకును మనదేశమునుండి మఱికొన్ని పోయెను. నెల్లూరు పేరిట ‘నెలోరె’ యని పిలువబడు వాని సంతతియే నేడచ్చటి మాంసపశుసంపదకు మూలాధారము.

అచ్చటి సెర్రాడో మైదానములలో భూమికి మరల సత్తువ నీయక యేండ్లతరబడి మేపుటచే బీళ్లు క్షీణించెను. వానలేని నెలలలో పశువులు చిక్కిపోయెను. 1973లో నెలకొనిన ఎంబ్రాపా యను ప్రభుత్వ వ్యవసాయ పరిశోధన సంస్థ దీనికి పరిహారము వెదకెను. ఆఫ్రికానుండి వచ్చిన బ్రాకియేరియా గడ్డిలో ‘మరండు’ అను మేలిరకమును 1984లో విడుదల చేసెను. 2000 ప్రాంతమున ‘సాంతా ఫే’ పద్ధతిని వ్యాప్తికి దెచ్చెను. ఈ పద్ధతిలో మొక్కజొన్నతోడనే గడ్డిని విత్తుదురు. పైరునీడలో గడ్డి మెల్లగా నెదిగి, కోతయైన పిమ్మట దట్టముగా బెరిగి, వానలేని నెలలకు మేతయగును. వేళ్లును పేడయు నేలకు బలమిచ్చును. మిగిలిన గడ్డికప్పునందే మరుసటి పైరు విత్తుదురు.

ఈ సూత్రము మనకు క్రొత్తగాదు. వరికోతకు ముందే చేనిలో పిల్లిపెసర చల్లి, మిగిలిన తడితోనే మేతయు పచ్చిరొట్టయు బడయుట కృష్ణాడెల్టా రైతుల యాచారము. అచ్చట మాంసమునకు, ఇచ్చట సేద్యమునకును పాడికిని. ప్రయోజనము వేఱైనను మార్గ మొక్కటియే.

ట్రాక్టరు వచ్చిన పిమ్మట నెద్దుతో పని తగ్గినది. దానితో మేతపైరును మఱపున బడుచున్నది. కావున భూవసతిగల సోదరులు ప్రతివర్షము కొంతనేల మేతకు విడువవలెనని మేము మనవి చేయుచున్నాము. మేతలేనిచో మేలిజాతి పేరునకే మిగులును.