విమానంలో ఆక్సిజన్ మాస్కులు కిందికి వేలాడితే.. పైలట్లు ఏం చేస్తారు? మనమేం చేయాలి?

2018 సెప్టెంబరు 20న ముంబయి నుంచి జైపూర్ బయల్దేరిన జెట్ ఎయిర్‌వేస్ బోయింగ్ 737 విమానంలో 166 మంది ప్రయాణికులున్నారు. పైకి లేచిన కాసేపటికే మాస్కులు కిందికి వేలాడాయి. సుమారు 30 మందికి ముక్కు, చెవుల నుంచి రక్తం వచ్చింది. విమానం వెనుదిరిగి ముంబయిలో క్షేమంగా దిగింది. ఇంజిన్ల నుంచి క్యాబిన్‌కు గాలి పంపే స్విచ్ వేయడం సిబ్బంది మరచిపోయారని డీజీసీఏ తెలిపింది. దుత్తలూరు, ఉదయగిరి, ఆత్మకూరు నుంచి చెన్నై వెళ్లి విమానమెక్కేవారూ తెలుసుకోవాల్సిన విషయమిది.

క్యాబిన్‌లో ఒత్తిడి ఎందుకు?

విమానం సాధారణంగా 35 వేల అడుగుల ఎత్తులో ఎగురుతుంది. అక్కడ గాలి ఒత్తిడి నేల మీద ఉండేదాంట్లో నాలుగో వంతే. అందుకే చాలా విమానాల్లో ఇంజిన్లలో కుదించిన గాలిని లోపలికి పంపుతారు. తోక వైపున్న వాల్వు ద్వారా అవసరమైనంత బయటికి వదులుతారు. దీంతో లోపల 8 వేల అడుగుల ఎత్తులో ఉన్నట్టే ఉంటుంది. ఉదయగిరి కొండ ఎత్తు సుమారు 3 వేల అడుగులు. దానికి రెండున్నర రెట్లకు పైనే అన్నమాట.

సిబ్బంది ఏం చేస్తారు?

క్యాబిన్‌లో ఒత్తిడి 10 వేల అడుగుల స్థాయికి పడిపోతే కాక్‌పిట్‌లో హెచ్చరిక మోగుతుంది. పైలట్లు ముందు తమ మాస్కులు పెట్టుకుంటారు. 35 వేల అడుగుల వద్ద ఆక్సిజన్ లేకుంటే మనిషి తెలివిగా పనిచేయగలిగేది 30 నుంచి 60 సెకన్లే. తర్వాత ఏటీసీకి చెప్పి విమానాన్ని వేగంగా 10 వేల అడుగులకు దించుతారు. అది కూలడం కాదు.

హెచ్చరికను సరిగా అర్థం చేసుకోకపోతే ముప్పే. 2005 ఆగస్టు 14న సైప్రస్ నుంచి ఏథెన్స్ వెళ్తున్న హీలియోస్ విమానంలో ఒత్తిడి నియంత్రణ స్విచ్ మాన్యువల్‌లో ఉండిపోయింది. మోగిన హెచ్చరికను పైలట్లు వేరేదనుకున్నారు. ఆక్సిజన్ అందక స్పృహ కోల్పోయారు. ఇంధనం అయిపోయి విమానం కూలింది. 121 మందీ చనిపోయారు.

ప్రయాణికులు ఏం చేయాలి?

* మాస్కును గట్టిగా కిందికి లాగాలి. అప్పుడే ఆక్సిజన్ మొదలవుతుంది. సంచి ఉబ్బకపోయినా ఆక్సిజన్ వస్తూనే ఉంటుంది.
* ముందు మీరు పెట్టుకుని, తర్వాతే పిల్లలకు, పెద్దవారికి పెట్టాలి.
* సీటు బెల్టు తీయొద్దు. ఊపిరి బిగబట్టొద్దు.
* కాస్త కాలిన వాసన వచ్చినా కంగారొద్దు. ఆక్సిజన్ తయారుచేసే పరికరం వేడెక్కడం వల్ల అలా వస్తుంది. అది సుమారు 12 నిమిషాలకు పైగా పనిచేస్తుంది. కిందికి దిగడానికి ఆ సమయం చాలు.

గాయపడితే ఎలా?

విమానాశ్రయంలోనే వైద్య పరీక్ష చేయించుకుని, బోర్డింగ్ పాస్‌తో పాటు ఆ కాగితాలు దాచుకోవాలి. ముందు విమాన సంస్థకు ఫిర్యాదు చేయాలి. స్పందించకుంటే పౌర విమానయాన శాఖ ఎయిర్‌సేవా పోర్టల్‌లో నమోదు చేయొచ్చు. 1972 నాటి విమాన రవాణా చట్టం కింద పరిహారం కోసం కోర్టుకు వెళ్లాలంటే రెండేళ్లలోపే వెళ్లాలి.