మూర్ఛను పసిగట్టే కుక్కలు

తీవ్రమైన మూర్ఛవ్యాధితో బాధపడే పిల్లలకు తోడుండే కుక్కల చరిత్ర ఏ ప్రయోగశాలలోనో మొదలై ఉంటుందని అనుకునేవాణ్ణి. చదివితే తెలిసింది, అది ఇళ్లలో మొదలైందని. ఫిట్సు రాకముందే పెంపుడుకుక్క కలతపడుతోందని మొదట గమనించినవారు ఇంటివారే.

ఈ కుక్కలు నిజమా, కల్పనా అని ప్రశ్నిస్తూ 1999లో బ్రిటను పరిశోధకులు ఒక వైద్యపత్రికలో వ్యాసం ప్రచురించారు. 2004లో కెనడాలోని కాల్గరీ వైద్యులు మూర్ఛవ్యాధి ఉన్న పిల్లల కుటుంబాలను విచారించారు. తమ కుక్క బిడ్డ ముఖం నాకుతుందనీ, పక్కనే కాపలా నిలుస్తుందనీ కొందరు చెప్పారు. ముందే పసిగడుతుందని మరికొందరన్నారు. 2007లో అమెరికా వైద్యులు, కుక్కలు హెచ్చరించిన కొందరు రోగులకు వచ్చినవి మూర్ఛలు కావనీ, మానసిక కారణాల వల్ల కలిగినవనీ తేల్చారు. 2019లో ఫ్రాన్సు పరిశోధకులు జరిపిన ప్రయోగంలో 5 కుక్కలు మూర్ఛ సమయపు శరీరవాసనను గుర్తించాయి. అయితే వాసనను గుర్తించడం వేరు, రాబోయేదానిని ముందుగా తెలపడం వేరు.

ఈ భేదమే నాకు ముఖ్యమనిపిస్తుంది. మూర్ఛ వచ్చినపుడు మొరిగి ఇంటివారిని లేపడం కుక్కకు నేర్పగల విద్య. ముందే పసిగడుతుందని మాత్రం ఎవరూ హామీ ఇవ్వలేరు. రాత్రంతా బిడ్డ ఊపిరి వింటూ మేలుకొనే తల్లికి ఆ మాట ముందుగానే చెప్పడం న్యాయం.