నాలా చట్టం రద్దు: అనంతలో ఇంటి స్థలం చవకవుతుందా? పూర్తి వివరాలివే..

అనంతపురం: పొలంలో ఇల్లు కట్టాలన్నా, లేఅవుట్ వేయాలన్నా ఇన్నాళ్లూ ముందుగా దాటాల్సిన గడప 'నాలా'. 2006 నాటి ఈ చట్టాన్ని ఏపీ ప్రభుత్వం రద్దు చేసింది. 2025 సెప్టెంబరు సమావేశాల్లో రద్దు బిల్లుకు అసెంబ్లీ ఓకే చెప్పింది. అదే ఏడాది జనవరిలో లేఅవుట్ నిబంధనలనూ సడలించారు. వానలు ముఖం చాటేసి, వేరుశనగ గిట్టుబాటు కాక పొలాలు ప్లాట్లవుతున్న అనంతపురం, శ్రీసత్యసాయి జిల్లాల్లో దీనివల్ల సామాన్యుడికి ఒరిగేదేంటో చూద్దాం.

నాలా అంటే ఏంటి?

వ్యవసాయ భూమిని వేరే అవసరాలకు వాడాలంటే ఆర్డీఓ అనుమతి తప్పనిసరి అని చెప్పే చట్టమిది. భూమి విలువపై మార్పిడి పన్ను కట్టాలి. 2021 సవరణ తర్వాత ఇది 5 శాతం. ఇది పూర్తయ్యాకే ప్లాన్ కోసం మరో ఆఫీసు మెట్లెక్కాలి. ఈ తిప్పలు పడలేక అనుమతుల్లేకుండానే ప్లాట్లు అమ్మేసినవాళ్లు చాలామంది. నష్టపోయేది మాత్రం కొన్నవాళ్లే. ప్లాన్ రాదు, బ్యాంకు లోన్ దొరకదు. అలాంటి ప్లాట్ల కోసమే 2020లో క్రమబద్ధీకరణ నిబంధనలు తేవాల్సి వచ్చింది.

ఇప్పుడేం మారింది?

* ఆర్డీఓ దగ్గర విడిగా భూ మార్పిడి అనుమతి అక్కర్లేదు.
* లేఅవుట్, భవన అనుమతి తీసుకునేటప్పుడే భూమి విలువలో 4 శాతం ఎక్స్‌టర్నల్ డెవలప్‌మెంట్ చార్జీ కట్టాలి. అంటే ఆ ప్రాంతానికి బయటి నుంచి రోడ్లు, నీళ్లు వంటి సౌకర్యాలు తేవడానికి కట్టే రుసుము.
* లేఅవుట్‌లో రోడ్డు కనీస వెడల్పు 12 మీటర్ల నుంచి 9 మీటర్లకు తగ్గింది.

కొనేవాడికి మిగిలేదెంత?

ఎకరం విలువ రూ.20 లక్షలు అనుకుందాం. 5 శాతమంటే రూ.లక్ష, 4 శాతమంటే రూ.80 వేలు. తేడా రూ.20 వేలు. రోడ్లు, పార్కు పోగా 60 సెంట్లు మిగిలితే రెండు సెంట్ల ప్లాట్లు 30 వస్తాయి. ఒక్కో ప్లాటుకు కలిసొచ్చేది రూ.700 లోపే! అంటే పన్ను తగ్గింపుతో రేటు దిగుతుందనుకుంటే పొరపాటే.

అసలు లాభం వేరే ఉంది. ఒక ఆఫీసు చుట్టూ తిరిగే టైమ్ మిగులుతుంది. ఇక 9 మీటర్ల రోడ్డుతో ప్రతి 100 మీటర్ల పొడవుకు 300 చదరపు మీటర్లు, అంటే 7 సెంట్లకు పైగా స్థలం ఆదా. కానీ ఆ లాభాన్ని కొనేవాళ్లకు పంచాలన్న నిబంధన మాత్రం నాలా రద్దులో లేదు. బెంగళూరు హైవే పక్కన, కియా ప్లాంట్ ఉన్న పెనుకొండ వైపు రేటును నిర్ణయించేది డిమాండే.

ఏం మారలేదు?

నాలా పోయింది కదా అని ఎక్కడపడితే అక్కడ కట్టేయడం కుదరదు. మాస్టర్ ప్లాన్‌లో వ్యవసాయ జోన్‌గా చూపిన చోట ఇళ్లు రావాలంటే భూ వినియోగ మార్పిడి కావాల్సిందే. అనంతపురం-హిందూపురం పట్టణాభివృద్ధి సంస్థ (అహుడా) పరిధిలోనూ ఇంతే. డీకేటీ పట్టా భూములు, 22ఎ నిషేధిత జాబితాలోని భూములకు కూడా ఈ రద్దుతో విముక్తి రాదు.

అసలు పరీక్ష నీళ్లే

అనంతపురం నగరానికే తాగునీరు పెన్నహోబిలం రిజర్వాయర్ నుంచి రావాలి. ఊరికి దూరంగా వేసే లేఅవుట్లలో బోరే దిక్కు. ఈ కరువు సీమలో బోరు ఎండితే చవగ్గా కొన్న ప్లాటు ట్యాంకర్ల ఖర్చుతో మోయలేని భారమవుతుంది. అందుకే 4 శాతం చార్జీ పైపులైన్లకు చేరుతుందా లేదా అన్నదే కీలకం.

నిరుపేదల మాటేంటి?

ప్లాటు కొనే స్తోమత లేనివారికి ఈ సంస్కరణ నేరుగా ఉపయోగపడదు. వారికి దారి ప్రభుత్వ ఇళ్ల పట్టాలే. ఇప్పుడు పట్టణాల్లో 2 సెంట్లు, గ్రామాల్లో 3 సెంట్లు ఇవ్వాలన్నది సర్కారు నిర్ణయం. గత ప్రభుత్వంలో ఇది పట్టణాల్లో 1, గ్రామాల్లో 1.5 సెంట్లుగా ఉండేది.

కొనేముందు ఇవి చూడండి

లేఅవుట్ అప్రూవల్ నంబరు, మాస్టర్ ప్లాన్‌లో ఏ జోన్, 22ఎ జాబితాలో సర్వే నంబరు ఉందా, నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయి.. ఈ నాలుగూ తేలాకే అడ్వాన్స్ ఇవ్వండి. "నాలా లేదు కాబట్టి అప్రూవల్ అక్కర్లేదు" అని ఎవరైనా చెబితే అస్సలు నమ్మకండి.