గోగు పూల ఎర్ర పానీయం

జమైకాలో క్రిస్మస్ వచ్చిందంటే ఇంటింటా సారెల్ ఉండాల్సిందే. ఎర్రటి గోగు పూల మీద మరిగిన నీళ్లు పోసి, దంచిన అల్లం, లవంగాలు వేసి రాత్రంతా నాననిస్తారు. పొద్దున్నే వడగట్టి చక్కెర కలుపుతారు. పెద్దవాళ్ల గ్లాసుల్లో కాస్త రమ్ము కూడా పడుతుంది. ఈ పానీయం ఆ పండగకే రావడానికి మొక్క స్వభావమే కారణం. పగటిపొద్దు కురచబడితే తప్ప అది పూతకు రాదు. కాబట్టి కోత ఎక్కువగా నవంబరు, డిసెంబరు నెలల్లో పడుతుంది.

గోంగూర పేరుతో మనం పచ్చడి నూరుకునే రకాల్లో ఎర్రకాడ గోంగూర ఈ మొక్కే. 1753లో లిన్నేయస్ దీన్ని హైబిస్కస్ సబ్దరిఫాగా నమోదు చేశాడు. పానీయంలో వేసేవి పూరేకులు కావు. లేతపసుపు రేకులు వాడి రాలాక కాయ చుట్టూ కండపట్టి ఎర్రబడే రక్షక పత్రాలు.

దీని పుట్టిల్లు ఆఫ్రికా. బానిసలుగా పట్టుకుపోయిన మనుషుల వెంట ఆ గింజలూ అట్లాంటిక్ దాటాయని చెబుతారు. 1707 నాటికే జమైకాలో దీని సాగు ఉంది. పేరూ ఊరూ లాగేసుకున్నా ఆ మనుషుల నాలుక మీది పులుపును మాత్రం ఎవరూ తీసేయలేకపోయారు. ఇవతలి ఒడ్డున సెనెగల్‌లో ఇప్పటికీ ఇదే పానీయాన్ని బిస్సాప్ అని తాగుతారు, ఆకును చేపల కూరన్నంలోకి వండుకుంటారు. మెక్సికోలో ఇది ‘ఆగ్వా దె హమైకా’. జమైకా దీవి పేరే పానీయానికి స్థిరపడింది.

సూడాన్‌లోని కొర్దొఫాన్, దార్ఫూర్ ఇసుక నేలల్లో చిన్న రైతులు వానల మీద ఆధారపడి దీన్ని పండిస్తారు. అక్కడి ఎండుపూలు ఈజిప్టులోని అస్వాన్ బజార్లలో బస్తాలకొద్దీ కర్కదేగా అమ్ముడవుతాయి, జర్మనీ టీ పొట్లాల్లోకీ చేరతాయి. అమెరికాలో 1970ల మొదట్లో కొలరాడో కంపెనీ ఒకటి తెచ్చిన ‘రెడ్ జింగర్’ టీ కూడా ఈ పూలదే.

ఉత్తరాంధ్ర దారి వేరు. శ్రీకాకుళం, విజయనగరం రైతులు గోగును నార కోసం పెంచారు. భీమునిపట్నం రేవు పేరుతో ‘బిమ్లీ జూట్’ దేశదేశాల్లో తెలిసింది. నెల్లిమర్ల, చిట్టివలసల్లో మిల్లులు నడిచాయి. మంచి నార కావాలంటే మొక్కను పూత దశలోనే కోయాలి. నారకు పెంచే పొడవాటి రకాల్లో రక్షక పత్రాలకు కండ కూడా ఉండదు. ఆ చేల నుంచి ఎర్ర టీ రాకపోవడంలో వింతేముంది?

ఈ పానీయం ఎరుపు ఆంథోసయనిన్లనే రంగు పదార్థాలది. పరీక్షనాళికలో అవి ఆక్సీకరణను గట్టిగా అడ్డుకుంటాయి. ఒంట్లోకి వచ్చేసరికి రక్తంలో కలిసేది కొద్దిగానే. ఆహారాల యాంటీ ఆక్సిడెంట్ శక్తిని అంకెల్లో చూపే పట్టికను అమెరికా వ్యవసాయ శాఖ 2012లో ఉపసంహరించుకుంది. కంపెనీలు ఆ అంకెలను ప్రచారానికి తప్పుగా వాడుకున్నాయన్నది ఒక కారణం. రక్తపోటు విషయంలో మాత్రం కొంత ఆధారం ఉంది. 2010లో టఫ్ట్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు, రక్తపోటు కాస్త ఎక్కువగా ఉన్న 65 మందిపై ఆరు వారాల పరీక్ష జరిపారు. రోజుకు మూడు కప్పులు తాగినవారిలో పై అంకె సగటున 7.2 పాయింట్లు తగ్గింది. ఉత్తుత్తి పానీయం తాగినవారిలో తగ్గింది 1.3 మాత్రమే. ఇప్పటికే బీపీ మాత్రలు వేసుకుంటున్నవారు ఈ టీ రోజూ తాగబోయే ముందు డాక్టరుతో ఒక మాట చెప్పడం మంచిది. రెండూ కలిసి రక్తపోటును మరీ దించేయవచ్చు.