కనబడని దెబ్బ కథ



సిగ్నల్ దగ్గర కారు ఆగి ఉంటుంది. వెనకనించి ఇంకో బండి వచ్చి గుద్దుతుంది. రక్తం రాదు, ఎముక విరగదు. ఇంటికొచ్చి వంట కూడా చేసుకుంటాం. తెల్లారి లేవబోతే మెడ తిరగదు! “పైకేం కనబడటం లేదే, అంత నొప్పేమిటి?” అంటారు ఇంట్లోవాళ్లు. ఈ ప్రశ్న నిన్నా మొన్నా పుట్టింది కాదు. నూటయాభై ఏళ్ల పైమాటే.

కార్లకంటే ముందు రైళ్లొచ్చాయి కదా! ఇంగ్లండులో 1865 జూన్ 9న స్టేపుల్‌హర్స్ట్ దగ్గర జరిగిన రైలు ప్రమాదంలో ప్రఖ్యాత నవలాకారుడు చార్లెస్ డికెన్స్ చిక్కుకున్నాడు. పెద్ద గాయమేమీ తగల్లేదు. పైగా దెబ్బలు తగిలినవాళ్లకి తానే సేవ చేశాడు. కాని ఆ తరవాత రైలు ప్రయాణమంటే ఆయనకి వణుకు పుట్టేది. మరుసటి ఏడు జాన్ ఎరిక్ ఎరిక్సెన్ అనే లండన్ సర్జన్ ఇలాంటి రోగుల గురించి పుస్తకం రాశాడు. ఈ బాధకి ‘రైల్వే స్పైన్’ అని పేరొచ్చింది. వెన్నుకి నిజంగానే దెబ్బ తగిలిందని ఎరిక్సెన్ వాదం. భయమే కారణమన్నారు కొందరు. నష్టపరిహారం కోసం నటన అన్నారు ఇంకొందరు.

కార్లొచ్చాక అదే తగవు కొత్తపేరుతో వచ్చింది. వెనకనించి గుద్దితే సీటు మన వీపును ముందుకి తోస్తుంది, తలేమో వెనకబడిపోతుంది. మరుక్షణం తల ముందుకి విసురుగా వస్తుంది. అచ్చం కొరడా ఝళిపించినట్టే! అందుకే 1928లో హెరాల్డ్ క్రో అనే అమెరికన్ డాక్టరు దీన్ని ‘విప్‌లాష్’ అన్నాడు. మెడ కదిలిన తీరు చెప్పబోతే జనం దాన్ని రోగం పేరు చేసేశారని తరవాత ఆయనే బాధపడ్డాడు.

ఎక్స్‌రేలో ఏమీ లేదని పంపేస్తే రోగి ఎక్కడికి పోవాలి? అమెరికాలో చాలామంది కైరోప్రాక్టర్ల గుమ్మం తొక్కారు. వాళ్ల విద్య 1895లో అయోవా రాష్ట్రంలోని డావెన్‌పోర్ట్ పట్నంలో పుట్టింది. డేనియల్ డేవిడ్ పామర్ అనే ఆయన, చెవుడుతో ఉన్న హార్వీ లిల్లార్డ్ వెన్నుపూసను చేత్తో నొక్కి సరిచేశాననీ, వినికిడి తిరిగొచ్చిందనీ చెప్పుకున్నాడు. జబ్బులకి మూలం పూసలు తప్పుకోవడమేనన్నాడు. ఈ సిద్ధాంతాన్ని శాస్త్రం ఒప్పుకోలేదు. లైసెన్సు లేకుండా వైద్యం చేసినందుకు 1906లో పామర్ జైలుకి కూడా వెళ్లాడు. అయినా ఆ విద్య ఆగలేదు. ఎందుకంటారా? నొప్పి ఉందంటే నమ్మి, కూర్చోబెట్టి, చెయ్యివేసి చూసేవాళ్లు దొరికారు మరి!

డాక్టర్లకీ వీళ్లకీ వైరం ముదిరి కోర్టుకెక్కింది. 1976లో చెస్టర్ విల్క్, మరికొందరు కైరోప్రాక్టర్లు వేసిన దావాలో 1987లో జడ్జి సూసన్ గెట్జెన్‌డానర్ తీర్పు చెప్పింది. అమెరికన్ మెడికల్ అసోసియేషన్ వాళ్లను వెలివేయడం చట్టవిరుద్ధమంది. అయితే ఆ వైద్యం మంచిదా కాదా అన్నది మాత్రం తాను తేల్చడం లేదని స్పష్టం చేసింది.

ఆ తేల్చే పనికి 1995లో కెనడాలోని క్యూబెక్ నిపుణుల సంఘం పూనుకుంది. అప్పటిదాకా మెడకి పట్టీవేసి కదలొద్దనేవారు కదా, అది తలకిందులైంది. పెద్దగాయం లేకపోతే త్వరగా మామూలు పనుల్లో పడటమే మందు అన్నారు. శిక్షణ ఉన్నవాళ్లు కొద్దికాలం చేత్తో చేసే చికిత్స పనికిరావచ్చన్నారు. ఈనాటి వైద్యులూ వ్యాయామంతోబాటు అయితేనే దానివల్ల కాస్త ఉపశమనం అంటారు.

ఇక్కడ ఒక హెచ్చరిక. మెడ ఎముకల్లోంచి మెదడుకి రక్తనాళాలు వెళతాయి. మెడను విసురుగా తిప్పితే, అరుదుగానే అయినా, అవి చీలి పక్షవాతం రావచ్చు. సెలూన్‌లో మెడ ‘టక్’మనిపించుకునే మన మగవాళ్లకి కూడా ఈ మాట చెప్పండి. ప్రమాదం తరవాత చేతులు తిమ్మిరెక్కినా, మాట తడబడినా, కళ్లు రెండుగా కనబడినా ముందు ఆస్పత్రికే వెళ్లాలి. ఎముక విరగలేదని తేలాకే తక్కిన వైద్యాలు.

ఇంకో సంగతి. ఈ దెబ్బ మగవాళ్లకంటే ఆడవాళ్లకే ఎక్కువ తగులుతుంది. కాని కారు సీట్లను పరీక్షించే బొమ్మలు ఎన్నో దశాబ్దాలు మగవాడి కొలతలతోనే తయారయ్యాయి. సగటు స్త్రీ కొలతలతో వెనకనించి గుద్దే పరీక్షకి బొమ్మను స్వీడన్‌లో ఆస్ట్రిడ్ లిండర్ బృందం చూపించింది 2022లో! చూశారా, మన మెడ లెక్కకి రావడానికి ఎంత కాలం పట్టిందో!

అంచేత ఈసారి కారెక్కగానే సీటుమీది తలదిండు సరిచూసుకోండి. దాని పైఅంచు మీ నడినెత్తితో సమంగా, తలకి దగ్గరగా ఉండాలి. అమెరికాలో 1969నించి కొత్త కార్లకి దాన్ని తప్పనిసరి చేసింది మన మెడకోసమే, కునుకుతీయడానికి కాదు. ఇక ఇంట్లో ఎవరైనా, అత్తగారైనా కోడలైనా, “మెడ లాగేస్తోంది” అంటే, పైకి ఏమీ కనబడకపోయినా ముందు నమ్మండి.