పందికొక్కు కథ

నరసరావుపేట, గురజాల ప్రాంతాలలో వరికోతలయిన పొలానికి వెళ్లి గట్టును పరిశీలించండి. అక్కడక్కడ గుల్లగా ఎగదోసిన మట్టికుప్పలు కనిపిస్తవి. కుప్పక్రింద ఒక కన్నం ఉంటుంది. ఆ కన్నాన్ని మట్టితో మూసుకొని పగలంతా లోపల దాగి ఉండే జంతువు పందికొక్కు. రైతుకు అది శత్రువు. కాని జంతుశాస్త్ర చరిత్రలో దానికొక విశేషమున్నది: తెలుగుపేరుతో ప్రపంచమంతా తిరిగిన జంతువు ఇది.

ఇంగ్లీషులో దీనిని 'బాండికూట్' అంటారు. మన పందికొక్కు అనే మాటే తెల్లవారి నోటబడి ఈ రూపం పొందింది. 18వ శతాబ్ది చివరినాటికి ఆ మాట ఇంగ్లీషులో వ్రాతకెక్కింది. 1799లో జార్జి బాస్ అనే అన్వేషకుడు ఆస్ట్రేలియాలో మూతి పొడవైన ఒక చిన్న జంతువును ఈ పేరుతోనే పిలిచినాడు. నిజానికి అది ఎలుక కాదు. కంగారువలె పిల్లలను సంచిలో పెంచే జంతువు. పేరు కలిసిందేగాని చుట్టరికం లేదు. 1873లో జాన్ ఎడ్వర్డ్ గ్రే అసలైన పందికొక్కుల ప్రజాతికి 'బాండికోటా' అని పేరు పెట్టడంతో తెలుగుమాట శాస్త్రంలో స్థిరపడింది.

అమెరికాలో 'వుడ్‌చక్' అనే బొరియజంతువు కథ కూడ ఇటువంటిదే. అక్కడి ఆదివాసుల మాట ఇంగ్లీషువారి నోట అట్లా మారింది. ఆ జంతువు ఒంటిలో కొవ్వు నింపుకొని చలికాలమంతా నిద్రిస్తుంది. మన పందికొక్కుకు ఆ నిద్ర లేదు. అది కొవ్వుకు బదులు కంకులను దాచుకుంటుంది.

పందికొక్కులలో మనం ముఖ్యంగా చూసేవి రెండు రకాలు. పెద్దది ఊళ్లలో పునాదులక్రింద, గాదెలక్రింద త్రవ్వుతుంది. సుమారు ఒక కిలోగ్రాము తూగగలదు. చిన్నది పొలాలలో అధికం. కన్నానికి పలు ద్వారాలు, లోపల పిల్లలకొక గది, ధాన్యానికి గదులు ఉంటవి. సాధారణంగా ఒక్కొక్క పెద్దజంతువు విడిగా నివసిస్తుంది. గర్భకాలం సుమారు 23 రోజులే. పుట్టిన పిల్లలు దాదాపు మూడు నెలలకే ఈనగలవు.

ఇటువంటి జంతువులను గూర్చి తొలినాళ్లలో శ్రద్ధగా వ్రాసినవారిలో వాల్టర్ ఎలియట్ ఒకడు. 1845లో అమరావతి స్తూపాన్ని త్రవ్వించినది, 1859లో తెలుగు చెట్ల పేర్లను 'ఫ్లోరా ఆంధ్రికా'గా కూర్చినది ఈయనే. 1839లో ధార్వాడ ప్రాంతపు క్షీరదాలను వర్ణిస్తూ ఆయన ఒక సంగతి చెప్పినాడు. మెత్తని బొచ్చుగల ఒక పొలపుటెలుక నల్లరేగడి పగుళ్లలో నివసిస్తుంది. తొలకరి వానలకు పగుళ్లు పూడుకొనిపోయి ఏటా ఎన్నో ఎలుకలు చస్తవి. 1826లో తొలకరి చాలలేదు. ఎలుకలు విపరీతంగా పెరిగి జొన్నచేలను నాశనం చేసినవి. రైతులు కొలతధాన్యం ఇచ్చి వడ్డెరలచేత వేలకొలది చంపించినా సంఖ్య తగ్గినట్లు కనబడలేదట.

పల్నాటివారు దీనిని గుర్తుంచుకోవాలి. శ్రీనాథుని చాటువులనాటినుంచి జొన్నకు పేరుబడ్డ మెట్టసీమ ఇది. 1967లో నాగార్జునసాగర్ కుడికాలువకు నీరు వదిలిన తరువాత వరిమళ్లు వచ్చినవి. తడిసిన మెత్తని గట్టు పందికొక్కుకు అనువైన ఇల్లు. అది తిన్న గింజ ఒక నష్టం. గట్టుకు కన్నంపడి మడినీరు కారిపోవడం మరొక నష్టం.

చంపడమొక్కటే చాలదని 1826 అనుభవం చెప్పుతున్నది. ఒక రైతు తన చేనిలో మందు పెడితే ప్రక్కచేనివి వచ్చి ఖాళీకన్నాలలో చేరుతవి. కనుక ఊరంతా ఒకేసారి, పైరు పొట్టకు రాకముందే పూనుకోవాలి. గట్లు సన్నగా వేసుకోవాలి. కన్నంలోకి కుండపొగ ఊది పట్టే యానాదుల నేర్పును వినియోగించుకోవాలి. గుడ్లగూబను అపశకునమని తరమరాదు. జెర్రిపోతును కనబడగానే కొట్టరాదు. అవి కూలి అడగని కావలివాండ్రు.

విద్యార్థులు తమ ఊరి గట్లపై మట్టికుప్పలను నెలనెలా లెక్కించి, వానల వివరంతో పోల్చి చూడవచ్చును. కన్నంలో మాత్రం చేయి పెట్టరాదు. ఇల్లు కట్టినది పందికొక్కే అయినా, లోపల కాపురమున్నది పాము కావచ్చును.