తాళము బహిరంగము, ఉత్తరము రహస్యము

హైదరాబాదు నగరమున మాదాపూరు రాతిగుట్టల నడుమ సైబర్ టవర్స్ భవనమును 1998 నవంబరులో నాటి ప్రధాని అటల్ బిహారీ వాజపేయి ప్రారంభించిరి. నేడు హైటెక్ సిటీ మొదలు గచ్చిబౌలి వరకు కొలువు చేయువారికి బ్యాంకు సొమ్ము కదల్పవలెనన్న, ఓటీపీ అను అంకెల సంకేతము తరచుగా ఎస్సెమ్మెస్ రూపమున సెల్ ఫోనునకు రావలసియున్నది. ఇంతటి బరువు మోయు ఆ సందేశము కవరులోని ఉత్తరమా, పోస్టుకార్డా? చరిత్రను పరిశీలింతము.

సెల్ ఫోను సైతము ఒక రేడియోయే. రేడియో పాట అందరికొరకు; ఫోను మాట ఒక్కరికొరకు. కాని గాలిలోని తరంగమును ఎవరైనను పట్టవచ్చును. కావున 1980 దశకమున ఐరోపా దేశములవారు జీఎస్ఎం ప్రమాణమును కూర్చునపుడు ఫోనునకు, టవరునకు నడుమ ఒక తాళమును అమర్చిరి.

సందేశముల నియమములను మాత్రము బహిరంగముగా ప్రకటించిరి. తొలి సందేశము 1992 డిసెంబరు 3న ఇంగ్లండులో వెళ్ళినది. ఒక సందేశమునకు రోమను అక్షరములు 160 పట్టును. తెలుగు సంకేతములు 70 మాత్రమే. నియమములు అందరి యెదుట నుండుటచేతనే, 2010 నాటికి తెలుగుతోసహా పది భారతదేశ భాషల పట్టికలు అందు చేరి, ఆ కొరతను తీర్చు మార్గము ఏర్పడినది.

తాళమును దాచిరి. ఏ5/1 అను ఆ గుప్తలిపి నిర్మాణము లోకమునకు చెప్పలేదు. గుప్తలిపి పద్ధతి శత్రువునకు చిక్కినను హాని కలుగరాదనియు, తాళపుచెవి మాత్రమే రహస్యముగా నుండవలెననియు ఆగస్ట్ కెర్క్‌హాఫ్స్ 1883లోనే బోధించియుండెను. ఆ హితవు ఇచట పాటింపబడలేదు. 1999 నాటికి ఏ5/1 నిర్మాణము పూర్తిగా బయటపడెను. పండితులు దాని బలహీనతలను నిరూపించిరి. అంతేకాక, టవరు దాటిన పిదప సందేశము ఫోను సంస్థవారు చదువగల రూపముననే యుండును. ఎస్సెమ్మెస్ పోస్టుకార్డే.

మన చట్టమేమనుచున్నది? 1885 నాటి టెలిగ్రాఫు చట్టము వార్తలను అడ్డగించు అధికారమును ప్రభుత్వమునకిచ్చెను. 1996లో సుప్రీంకోర్టు ఆ అధికారమునకు కట్టుబాట్లు విధించెను. 2017లో తొమ్మండుగురు న్యాయమూర్తులు ఏకగ్రీవముగా గోప్యత ప్రాథమిక హక్కని తీర్పుచెప్పిరి. హక్కు మనకు కలదు. కాని హక్కు కార్డును కవరుగా మార్చజాలదు.

ఆ పని ప్రమాణమే చేయవలెను. 2023 జూలైలో ఐఈటీఎఫ్ అను సంఘము ఎంఎల్ఎస్ అను తాళపు పద్ధతిని ఎల్లరు చదివి పరీక్షించునట్లు ప్రచురించెను. 2025 మార్చిలో ఫోను సంస్థల సంఘమగు జీఎస్ఎంఏ, ఆర్‌సీఎస్ అను క్రొత్త సందేశ ప్రమాణములో దానిని చేర్చెను. ఈ పద్ధతిలో పంపినవారికి, అందుకొన్నవారికి తప్ప నడుమ ఎవరికిని ఉత్తరము తెరువరాదు.

దాచిన తాళము పాడయ్యెను. చాటిన తాళము నిలుచుచున్నది. కవరు ఎల్లరకు అందువరకు, మనము కార్డుపై వ్రాయదగినదే ఎస్సెమ్మెస్‌లో వ్రాయుట మేలని మా మనవి.